నాన్నగారు ఉండే ఆరు నెలల్లో గ్యారేజీలో కారు కట్టగలమా?

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఇంగ్లండ్‌లో స్విండన్ దగ్గర ఉంటాం. నాకు 39 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీ మెకానిక్‌గా పనిచేసి ఈమధ్యే మానేశారు. వచ్చే ఏప్రిల్‌లో విజిటర్ వీసా మీద వచ్చి సెప్టెంబరు దాకా మాతో ఉంటారు. ఆ ఆరు నెలల్లో ఇద్దరం కలిసి మా గ్యారేజీలో ఒక కిట్ కారు, అంటే విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకునే కారు, కట్టాలని నా కోరిక. కేటరమ్ సెవెన్ కిట్ ధర చూస్తే నోట మాట రాలేదు. సగం కట్టి వదిలేసిన వేరే కిట్ ఒకటి 4,500 పౌండ్లకు అమ్మకానికి ఉంది. అది కొనేయనా? నేనెప్పుడూ పానా పట్టింది లేదు. మా ఆవిడ "ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని రెండు సీట్ల కారేంటి" అంటోంది. ఎప్పుడైనా ఇండియాకి తిరిగి వెళ్లిపోతే కారు తీసుకెళ్లే వీలుంటుందా?
(ఒక పాఠకుడు)

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. నాన్నగారు తిరుగు ప్రయాణం ఫ్లైట్ ఎక్కేలోపు ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. కారు తన చక్రాల మీద తాను నిలబడి మీ ఇంటి ముందు నాలుగడుగులు ముందుకూ వెనక్కీ కదులుతుంది. నంబరు ప్లేటుతో రోడ్డెక్కడం మాత్రం ఆయన వెళ్లాకే, బహుశా ఆ తర్వాతి ఏడాది ఎండలు మొదలయ్యాకే. ఇది మీరు ఇప్పుడే ఒప్పుకుని ఆయనకీ చెప్పేయండి. ఆగస్టులో తెలిస్తే ఇద్దరూ కంగారు పడతారు. కంగారులో బ్రేకులు బిగించకూడదు.

ఇక ఆ 4,500 పౌండ్ల కిట్. వద్దు.

నేను మొట్టమొదట కొన్నది అలాంటిదే కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను. అమ్మినాయన మంచివాడే, టీ కూడా ఇచ్చాడు. "ఇంక వైరింగూ బాడీ పనే మిగిలాయి" అన్నాడు. ఇంటికి తెచ్చి చూస్తే సగం బోల్టులు చేత్తో తిప్పి వదిలేసినవి, ఏవి పూర్తిగా బిగించాడో ఏవి బిగించలేదో ఎక్కడా గుర్తు లేదు. బ్రేక్ గొట్టాల చివర్లు ఒక రకంగా విప్పారితే, వాటికి కలపాల్సిన నట్లు ఇంకో రకానివి. ఛాసీ, అంటే కారు అడుగు చట్రం, కొన్న రసీదు లేదు. పాత ఇంజిన్ ఏ కారులోదో ఆయనకే గుర్తులేదు. సగంలో ఆగిన కిట్ చాలాసార్లు వైరింగ్ దగ్గరో, ఫైబర్ బాడీ ముక్కలు అతకని చోటో ఆగుతుంది. అంటే తేలికైన పనంతా ఆయన చేసేసుకుని, తనకి చేతకానిది మనకి అమ్ముతున్నాడన్నమాట. ఎనిమిది నెలలు కుస్తీ పట్టి, నష్టానికి ఇంకొకరికి అంటగట్టాను. ఆ పాపం ఇంకా తగులుతూనే ఉంది.

కాగితాలు లేకపోతే వచ్చే చిక్కు ఇంకోటుంది. బండి వయసు, పుట్టుపూర్వోత్తరాలు రుజువు చేయలేకపోతే బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ వాళ్లు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరిస్తారు. నడపడానికి ఇబ్బంది లేదు కానీ అమ్మబోతే ధర తగ్గుతుంది, బీమా వాళ్లు కూడా రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. అదే, కిట్ కంపెనీ నుంచి కొన్న కొత్త ఛాసీకి రసీదు, ఒకే పాత కారులోంచి తీసిన కనీసం రెండు ప్రధాన భాగాలు ఉంటే, ఆ పాత కారు వయసుకి తగ్గ మామూలు నంబరు వస్తుంది. మీ లెక్క ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఈ పిచ్చి ఇక్కడివాళ్లకి కొత్తది కాదు, మీ ఆవిడకి కూడా చెప్పండి. లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ తన మొదటి కారుని 1948లో కట్టింది గ్యారేజీలోనే. అదీ సొంతిల్లు కాదు, తర్వాత భార్య అయిన హేజెల్ వాళ్ల అమ్మానాన్నల ఇంటి వెనకాల. పాత ఆస్టిన్ సెవెన్ కారుని విప్పి, దాన్నే తిరిగి కట్టాడు. 1957లో వాళ్ల లోటస్ సెవెన్ అనే కారు వచ్చింది. అప్పట్లో పూర్తి కారు కొంటే పర్చేజ్ టాక్స్ పడేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అయితే బిగించే విధానం రాసిచ్చిన పుస్తకం కిట్‌తో పాటు ఇవ్వకూడదని షరతు. అందుకని లోటస్ వాళ్లు విప్పే విధానం రాసిచ్చి, వెనక నుంచి ముందుకి చదువుకోమన్నారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. ఆ ఏడాదే సెవెన్ హక్కులు కేటరమ్ వాళ్ల చేతికొచ్చాయి. మీరు ధర చూసి వెనక్కి తగ్గింది ఆ వంశంలోని కారుని చూసే.

కేటరమ్ కిట్ గురించి ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట. అన్నీ కొత్త భాగాలు, ఒకదానికొకటి సరిపోతాయి. 80 నుంచి 100 గంటల్లో కట్టొచ్చని కంపెనీ చెబుతుంది, జాగ్రత్తగా చేసేవాళ్లు ఆ దరిదాపుల్లోనే ముగిస్తారు. అన్నిటికన్నా చిన్న సెవెన్ 170లో ఉండేది 660 సీసీ సుజుకి ఇంజిన్, బరువు 440 కిలోలు. మన మారుతి 800 కూడా 650 కిలోల పైమాటే, ఊహించుకోండి. చెడ్డ మాట మీకు తెలిసిందే: పదుల వేల పౌండ్లు పక్కన పెట్టుకోవాలి. పైగా అందులో నాన్నగారికి పని తక్కువ. కొత్త డబ్బాలు విప్పి కొత్త బోల్టులు బిగించడానికి ఆటోనగర్ అనుభవం అక్కర్లేదు.

మీకు నేను చెప్పేది డోనర్ కారుతో, అంటే భాగాల కోసం కొని విప్పే పాత కారుతో, కట్టే కిట్. మాజ్డా ఎంఎక్స్-5, 1989లో మొదలైన మొదటి తరం కానీ, 1998 నుంచి 2005 దాకా వచ్చిన రెండో తరం కానీ. ఈ కార్లకి ఒక జబ్బుంది. తలుపుల కింద అంచులూ, వెనక చక్రాల పైన గూళ్లూ తుప్పు పడతాయి. తుప్పు ముదిరితే ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో తప్పుతాయి, వెల్డింగ్ ఖర్చు కారు ధరని మించుతుంది, ఓనరు వదిలించుకుంటాడు. మనకి కావలసింది సరిగ్గా అదే. ఎందుకంటే మనం పారేసేది ఆ తుప్పు పట్టిన బాడీనే. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ అన్నీ లోపల బాగానే ఉంటాయి. ఈ కారులో గేర్‌బాక్సునీ వెనక డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఒక అల్యూమినియం దూలం ఉంటుంది. దాని పుణ్యమా అని, బాడీ బోల్టులు విప్పి పైకి లేపితే కింద అస్థిపంజరం మొత్తం చక్రాలతో సహా ఒకే ముక్కగా మిగులుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఐదు నిమిషాలు అలా నిలబడిపోయాను. ఎక్సోసెట్ లాంటి కిట్లు ఆ అస్థిపంజరం మీదే కొత్త ఛాసీని దించి బిగించేలా తయారైనవి. సెవెన్ రూపంలో ఉండే కిట్లలో కూడా ఎంఎక్స్-5 భాగాలతో కట్టేవి ఉన్నాయి. వాటిలో భాగాలు విడివిడిగా విప్పి వేరే ఛాసీలో కూర్చాలి, పని ఎక్కువ. మీకు మొదటి రకమే నయం.

కారు కొనేముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, పొగ చూడండి, గేర్లన్నీ పడుతున్నాయో లేదో చూడండి. బాడీ ఎంత అసహ్యంగా ఉంటే అంత బేరమాడొచ్చు. వి5సి పత్రం, అంటే మన ఆర్‌సీ లాంటిది, అమ్మేవాడి పేరున ఉండాలి, అది లేకపోతే ఎంత చవకైనా కదలండి. కొన్న రోజే రోడ్డు మీద తిప్పడం లేదని డీవీఎల్ఏకి సోర్న్ అనే ప్రకటన పెట్టేయండి. చివర్లో బాడీని తుక్కుకి పంపేముందు ఆ పత్రం విషయంలో ఏం చేయాలో డీవీఎల్ఏని అడిగి జవాబు రాతలో తెచ్చుకోండి. కారు మొత్తాన్నీ తుక్కు చేసినట్టు ధ్రువపత్రం పుట్టిందంటే ఆ కారు గుర్తింపు అక్కడితో సరి, మీకు మళ్లీ క్యూ నంబరే గతి.

పానా పట్టలేదని దిగులు పడుతున్నారు కదా. ఈ చలికాలం మీకు బడి. నాన్నగారు వచ్చేదాకా ఆగకుండా డోనర్ కారుని నవంబరులోనే తెచ్చి, వారానికి ఒక శనివారం చొప్పున మీరే విప్పండి. విప్పడంలో పెద్దగా చెడిపోయేది లేదు. తుప్పు పట్టిన బోల్టు ఎలా మొండికేస్తుందో, నూనె పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున ఎలా లొంగుతుందో, మర పోవడమంటే ఏమిటో చేతికి తెలిసొస్తుంది. ప్రతి భాగం విప్పేముందు రెండు ఫొటోలు తీయండి, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి. బోల్టుల్ని సంచుల్లో వేసి, ఎక్కడివో తెలుగులోనే రాయండి, నాన్నగారు కూడా చదువుకుంటారు. వైరు తీసేముందు రెండు చివర్లకీ చీటీ కట్టండి. ఇందాక చెప్పిన లోటస్ కథ మీకు అక్షరాలా పనికొచ్చేది ఇక్కడే: వెనక నుంచి చదివితే మీ ఫొటోలే మీ పుస్తకం. అక్కర్లేని సీట్లు, తలుపులు, పైకప్పు, దీపాలు అమ్మేయండి. ఎంఎక్స్-5 విడిభాగాలకి గిరాకీ బాగుంటుంది, డోనర్ కారు ధరలో మంచి వాటా వెనక్కొస్తుంది.

క్రిస్మస్ లోపు కిట్ ఆర్డరివ్వండి. చిన్న కంపెనీలు, ఇద్దరు ముగ్గురు వెల్డర్లతో నడిచేవి. డబ్బు కట్టగానే ఛాసీ రాదు, నెలలు పడుతుంది. నాకు "ఆరు వారాలు" అని చెప్పిన ఛాసీ ఐదు నెలలకి వచ్చింది. వచ్చాక కూడా ఒక బ్రాకెట్ ఎడమదే రెండు పంపారు. మీ చేతిలో ఉన్నది ఆయన ఉండే ఆరు నెలలు. అందులో ఒక్క వారం కూడా కొరియర్ వ్యాను కోసం కిటికీలోంచి చూస్తూ గడవకూడదు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఉత్తరంలో మీరు రాయనిది ఒకటుంది, నేను ఊహించి రాస్తున్నాను. మన అమ్మానాన్నలు ఇక్కడికొచ్చినప్పుడు మొదటి రెండు వారాలు బాగానే ఉంటుంది. తర్వాత మనం ఆఫీసుకీ పిల్లలు బడికీ పోతే, వాళ్లు సోఫాలో కూర్చుని ఫోనులో వార్తలు చూస్తూ సాయంత్రం కోసం ఎదురుచూస్తారు. ఆటోనగర్ షెడ్డులో పొద్దున ఎనిమిదింటి నుంచి చేతికి గ్రీజు అంటించుకుని బతికిన మనిషి అలా కూర్చోలేరు. గ్యారేజీ తాళం కనిపిస్తే మీరు లేనప్పుడు పని మొదలెట్టేస్తారు. అది ఆపలేరు కాబట్టి, ఆయన ఒక్కరే చేసే పనులు విడిగా ఉంచండి. సబ్‌ఫ్రేమ్‌లు విప్పినవి వైరు బ్రష్‌తో గీకి ప్రైమర్ కొట్టడం, బ్రేక్ కాలిపర్లు శుభ్రం చేసి కొత్త సీళ్లు వేయడం, క్లచ్ ప్లేటూ బేరింగూ చూసి తేల్చడం. ఇవన్నీ నేల మీదో బెంచీ మీదో కూర్చుని చేసేవి. కంటికి అద్దాలు, ముక్కుకి మాస్కు పెట్టించండి, వద్దంటారు, వినకండి.

జాకీ ఎత్తే పని మాత్రం ఇద్దరూ ఉన్నప్పుడే. జాకీ ఒక్కదాని మీద ఆనించిన బండి కిందకి ఎవరూ దూరకూడదు, బండిని ఆనించే ఇనుప కాళ్లు, అంటే యాక్సిల్ స్టాండ్లు, నాలుగు తప్పనిసరి. షెడ్డులో ఇటుకలూ చెక్కదిమ్మలూ పెట్టి పని కానిచ్చిన రోజులు ఆయనకి గుర్తుంటాయి, "ఏం కాదులే రా" అంటారు. ఇక్కడ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో చూడడం వరకే ఉచితం, లోపల చేర్చుకుంటే బిల్లు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు వయసుకి తగ్గది మంచిదే తీసుకోండి. ఇది కారు కట్టకపోయినా చేయాల్సిన పనే.

ఆయనతో ఒక గొడవ మాత్రం తప్పదు. బిగింపు దగ్గర. లారీ మెకానిక్ చెయ్యి పెద్ద బోల్టుకి అలవాటు పడి ఉంటుంది, పానాకి గొట్టం తొడిగి బలంకొద్దీ లాగే చెయ్యి. ఎనిమిది మిల్లీమీటర్ల మామూలు స్టీలు బోల్టుకి 25 న్యూటన్ మీటర్లు చాలు, అదే ఇంజిన్ అల్యూమినియంలోకి దిగే బోల్టయితే ఇంకా జాగ్రత్త. గట్టిగా లాగితే మర మొత్తం ఊడి చేతిలోకొస్తుంది. మాట మీద చెబితే కొడుకు తనకి పాఠం చెబుతున్నాడనిపిస్తుంది. నేను మా మామగారి దగ్గర చేసిన ఉపాయం చెబుతాను. ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, అదే టార్క్ రెంచ్, మంచిది కొని, ఆయన చేతికే ఇచ్చి, "మీ చేతి లెక్క ఎంత కరెక్టో చూద్దాం" అన్నాను. పాత నట్ల మీద ఆ సాయంత్రమంతా పందేలు వేసుకున్నాం. ఆయన ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు. తర్వాత ఆ రెంచ్ నాకు దొరకనిస్తే ఒట్టు. బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు పెయింట్ పెన్నుతో గీత గీయండి. గీత లేకపోతే బిగించనట్టే. సస్పెన్షన్‌కి వాడే నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) ఒక్కసారే వాడాలి. అందుకని ముందు మామూలు నట్లతో బిగించి చూసుకుని, ఆఖరున అవి వేయండి.

నాన్నగారికి తెలియనిది వైరింగ్, అది మీ వాటా. సాఫ్ట్‌వేర్ వాళ్లకి సర్క్యూట్ బొమ్మ చదవడం కష్టం కాదు, ఎక్కడ తప్పో ఒక్కో మెట్టూ దిగి వెతకడం మీ ఉద్యోగమే కదా. కిట్ కార్లలో అందరినీ ఏడిపించే తప్పొకటుంది, ముందే చెబుతున్నా: ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. మామూలు కారులో బాడీ అంతా ఇనుమే కాబట్టి ఎక్కడ కలిపినా ఎర్త్ దొరుకుతుంది. కిట్ కారులో బాడీ ఫైబర్, కరెంటు పారదు. ఛాసీ ఇనుమే కానీ దాని మీద పౌడర్ కోటింగ్ ఉంటుంది, అది కూడా కరెంటుని ఆపుతుంది. ఎర్త్ కలిపే ప్రతి చోటా ఆ పూత గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగించి, పైన గ్రీజు రాయాలి. దీపాలకి విడిగా ఎర్త్ వైరు లాగాలి. ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మినుకుమంటోందంటే అది దయ్యం కాదు, ఎర్తే. నేను రెండు వారాలు ఫ్యూజులు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్, మే నెలల్లో సస్పెన్షన్, ఇంజిన్. జూన్‌లో బ్రేక్, పెట్రోలు గొట్టాలు. రాగి-నికెల్ గొట్టం వాడండి, వంచడం తేలిక, తుప్పు పట్టదు. చివర విప్పార్చే పనిముట్టు చవకది కొనకండి. జూలైలో వైరింగ్ అయ్యాక స్టార్ట్ చేయండి. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పేసి సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ వచ్చిందాకా తిప్పండి. పక్కన ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడాలి, ఆ ఒక్కరూ మీరు. తాళం నాన్నగారికివ్వండి. ఫైబర్ పని, రంగు పని ఎండలున్న ఆగస్టులోనే ముగించండి. పదిహేను డిగ్రీలకన్నా చల్లగా ఉంటే రెసిన్ సరిగ్గా గట్టిపడదు, ఇక్కడి గ్యారేజీలో అక్టోబరు దాటితే ఆ వేడి ఉండదు.

ఆ తర్వాతిది పరీక్ష. 2009 నుంచి దీని పేరు ఐవీఏ. ఇంట్లో కట్టిన ప్రతి కారునీ బండ్ల పరీక్షలు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏ ఇన్‌స్పెక్టరు విడిగా చూస్తాడు. రుసుము 450 పౌండ్ల దాకా ఉంటుంది, సగం రోజు పడుతుంది. ఆ పరీక్ష పుస్తకం ప్రభుత్వ సైటులో ఉచితం. మొదటి బోల్టు బిగించేముందే అది ప్రింటు తీసి చదవండి, ఎందుకంటే అందులో ఉన్నవి కట్టాక సరిదిద్దేవి కావు. బయట వైపు 100 మిల్లీమీటర్ల బంతి తాకగలిగిన చోట ఏ అంచూ పదునుగా ఉండకూడదు, కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి. సస్పెన్షన్ బోల్టుల తలలకి ప్లాస్టిక్ టోపీలు తొడుగుతారు, చూడటానికి పెళ్లికొడుకు బుగ్గన చుక్కల్లా ఉంటాయి. సైలెన్సర్ మోత 99 డెసిబెల్స్ దాటకూడదు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు. మలుపు తిరిగి చేతులు వదిలితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావాలి. తేలిక కార్లలో చాలామంది ఇక్కడే తప్పుతారు, నేనూ తప్పాను, చక్రాల అలైన్‌మెంట్ మార్పించుకుని మళ్లీ వెళ్లాను. మొదటిసారి తప్పడం ఇక్కడ అవమానమేమీ కాదు. ఇన్‌స్పెక్టరు రాసిచ్చిన జాబితా పట్టుకుని వస్తారు, సరిచేస్తారు, తక్కువ రుసుముతో మళ్లీ వెళతారు. ముందే బుక్ చేసుకున్న పరీక్షకి బీమాతో నడుపుకుంటూ వెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది కానీ, ట్రెయిలర్ అద్దెకి తీసుకోండి. ఎప్పుడూ రోడ్డెక్కని బండి మొదటి ప్రయాణం మోటార్‌వే మీద ఎందుకు?

పరీక్ష తేదీ దొరకడం, తప్పితే మళ్లీ దొరకడం, తర్వాత డీవీఎల్ఏ ఫారాలు, కట్టేటప్పటి ఫొటోలు, రసీదులన్నీ పంపి నంబరు కోసం చూడటం, వీటికి నెలలు పోతాయి. ఆ వేచి ఉండే పనంతా ఆయన వెళ్లాక మీరొక్కరే చేసుకునేది. అందుకే మొదట్లోనే ఆ మాటన్నాను.

మీ ఆవిడ మాటకి వస్తే, ఆవిడ అన్నదాంట్లో తప్పేం కనబడలేదు నాకు. రెండు సీట్లు, ఎయిర్‌బ్యాగులు లేవు, వానొస్తే తడుస్తారు. ఇది ఇంటి కారు కాదు, ఆదివారం కారు. "పిల్లల్ని ఒక్కొక్కరిని తిప్పుతాను" అని వాదించకండి, ఓడిపోతారు. డబ్బు లెక్క ఆవిడ ముందు పెట్టండి. డోనర్, కిట్, టైర్లు, రంగు, గొట్టాలు, నూనెలు, పనిముట్లు, పరీక్ష, బీమా అన్నీ కలిపి మీరు వేసిన అంకెకి మూడో వంతు జోడించి, అది చెప్పండి. వారంలో ఏ సాయంత్రాలు గ్యారేజీలో ఉంటారో, ఏవి ఉండరో ముందే మాట్లాడుకోండి. నేను పూర్తిచేసిన కారుకి మొత్తం 430 గంటలు, 22 నెలలు పట్టాయి. అందులో సగం రాత్రి ఎనిమిదికి పిల్లలు పడుకున్నాక దొంగతనంగా దొరికినవి. గోడ కలిసిన ఇల్లయితే ఆ టైములో గ్రైండర్ తీయకండి, పక్కింటివాళ్లతో మీరు ఇంకా చాలా ఏళ్లు ఉండాలి.

ఇండియాకి తీసుకెళ్లే ఆశ వదులుకోండి. అక్కడ బండి మోడల్‌కి ఏఆర్ఏఐ లాంటి సంస్థలు పరీక్షించి ఆమోదం ఇస్తేనే రిజిస్ట్రేషన్. ఇంట్లో ఒక్కటిగా కట్టిన కారుకి ఇక్కడున్న ఐవీఏ లాంటి దారి మామూలు మనిషికి అక్కడ లేదు. వాడిన కారు దిగుమతికి వయసు పరిమితీ, కారు ధరని మించే సుంకమూ సరేసరి. వెళ్లిపోయే రోజొస్తే ఇక్కడే అమ్మేయండి. రసీదులూ ఫొటోలూ వరసగా పెట్టుకున్న కారుకి కొనేవాళ్లుంటారు. మీ బంధువుల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరికైనా ఈ సరదా ఉంటే, అక్కడ బాహా, ఫార్ములా భారత్ లాంటి కాలేజీ పోటీలున్నాయి, వాళ్ల కోరిక అక్కడ తీరుతుంది.

ఇన్ని చెప్పాను కానీ, మీ గ్యారేజీ ఎంతో మీరు రాయలేదు. ఇక్కడి పాత సింగిల్ గ్యారేజీలు లోపల రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కూడా ఉండవు చాలాచోట్ల. ఎంఎక్స్-5 పొడవు దాదాపు నాలుగు మీటర్లు, వెడల్పు 1.68. దాని పక్కన మనిషి వంగి పని చేయాలి, విప్పిన భాగాలకి అరలుండాలి, ఛాసీ వచ్చాక అదెక్కడ నిలబెడతారో తెలియాలి. బాడీ లేపే రోజుకి నలుగురు మనుషులూ, ఖాళీ డ్రైవ్‌వే కావాలి. ప్రస్తుతం అందులో పిల్లల సైకిళ్లూ, వాషింగ్ మెషిన్ అట్టపెట్టెలూ, ఇండియా నుంచి తెచ్చిన బియ్యం సంచులూ ఉంటాయని నా అనుమానం. ఈ ఆదివారం అవన్నీ బయట పెట్టి, టేపుతో తలుపు వెడల్పూ లోపలి పొడవూ కొలిచి రాయండి. కిట్ పేరు అప్పుడు చెబుతాను.